డాబా మీద కూరగాయలు: మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడండి

విజయవాడలోనో గుంటూరులోనో కొత్తగా కుండీల్లో కూరగాయలు పెట్టినవాళ్లు నెల తిరిగేసరికి అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఆకులు ముడుచుకుపోతున్నాయండీ, ఏం మందు కొట్టమంటారు?" ఏ మొక్క, ఏ నెలలో పెట్టారు, ముడత పైకా కిందికా, ఆకు అడుగున ఏముంది అని తిరిగి అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. తప్పు వాళ్లది కాదు, మిరప చేలల్లో వారం వారం మందు కొట్టడం చూస్తూ పెరిగిన ప్రాంతం ఇది, పురుగు అంటే మందు అనే మాట మన నోట్లో అలవాటుగా వచ్చేస్తుంది. కానీ పది పదిహేను కుండీలున్న డాబా మీద ఆ పద్ధతి అక్కర్లేదు. సరైన కాలంలో సరైన విత్తనం పెట్టి, రోజూ ఆకు తిప్పి చూసే అలవాటు చేసుకుంటే సగానికి పైగా సమస్యలు మందు దాకా రావు. వరసగా చెప్తాను.

డాబా సంగతి ముందు

మొక్కలు కొనకముందు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి ఎండ. కాయగూరలకి రోజుకి కనీసం ఐదారు గంటల ఎండ కావాలి. పక్క అపార్ట్‌మెంట్ నీడ మధ్యాహ్నం నుంచి పడిపోయే డాబా అయితే కాయల జోలికి పోకుండా ఆకుకూరలతో సరిపెట్టుకోవడం మంచిది. రెండోది బరువు. తడి మట్టి లీటరుకి కిలోన్నర దాకా తూగుతుంది, అంటే నిండా మట్టి నింపిన ఇరవై లీటర్ల పెయింట్ బక్కెట్ ముప్పై కిలోలకి దగ్గర. అందుకే పెద్ద కుండీలు శ్లాబు మధ్యలో గుంపుగా పెట్టకుండా, కింద గోడలూ బీములూ ఉన్న చోట, పిట్టగోడ వెంబడి సర్దండి. పాత ఇల్లయితే ఇంజనీరుకి ఒకసారి చూపించండి. ప్రతి కుండీ కింద ఇటుకలు పెట్టి కాస్త ఎత్తు చేస్తే నీళ్లు నిలవవు, శ్లాబు చెమ్మెక్కదు, అడుగున ఎవరు కాపురం పెట్టారో కూడా కనబడుతుంది.

కుండీ సైజు: ఆకుకూరలకి ఆరంగుళాల లోతున్న ఏ టబ్బయినా చాలు, చేపల మార్కెట్లో పారేసే థర్మోకోల్ పెట్టెలు కూడా. వంగ, మిరప, టమాటా, బెండకి పదిహేను నుంచి ఇరవై లీటర్లు. బీర, సొర, కాకర లాంటి తీగలకి నలభై లీటర్లకి తగ్గకూడదు. చిన్న కుండీలో పెట్టిన సొరపాదు ఎప్పుడూ ఆకలితో ఉంటుంది, నీరసించిన మొక్క మీదే ఆకు రసం పీల్చే పేనుబంకా నల్లీ ముందు వాలతాయి.

మట్టి దగ్గర పిసినారితనం వద్దు

మన చుట్టుపక్కల ఎక్కువగా దొరికేది నల్లరేగడి. పొలంలో అది బంగారమే, కానీ కుండీలో పోస్తే వానకి ముద్దయిపోతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, ఆ నెర్రెల్లో వేళ్లు తెగిపోతాయి. ఎర్రమట్టి తెప్పించుకోండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), బక్కెట్‌కి గుప్పెడు వేపపిండి. కోకోపీట్ ఇటుకల్లో ఉప్పు ఉంటుంది, నానబెట్టి ఒకటి రెండుసార్లు నీళ్లు మార్చి పిండి వాడండి.

పశువుల ఎరువు ఎవరైనా తెచ్చిస్తే చేత్తో పట్టుకుని వాసన చూడండి. పేడ కంపు కొడుతుంటే, లోపల వేడిగా ఉంటే అది ఇంకా మాగలేదు. పచ్చి ఎరువు వేళ్లని కాల్చేస్తుంది, పైగా వేళ్లు కొరికే తెల్లటి లావు పురుగులు దానితోపాటే వచ్చేస్తాయి. మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాన పడ్డ మట్టి వాసన వేస్తుంది.

అంతా కలిపి కుండీలో నింపాక ఒక చెంబు నీళ్లు పోయండి. ఒకటి రెండు నిమిషాల్లో అడుగు కన్నం నుంచి నీరు కారాలి. కారకపోతే ఇప్పుడే తీసి కాస్త ఇసుక, ఇంకాస్త కోకోపీట్ కలపండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు పడ్డ లాంటి వాన మళ్లీ పడితే, నీరు బయటికి పోని కుండీలో మొక్క ఒకటి రెండు రోజుల్లోనే వేరు కుళ్లి వాలిపోతుంది.

నీళ్ల గురించి ఒక్క మాట. ఆర్‌వో మెషిన్ వదిలేసే నీళ్లు వృథా పోతున్నాయని మొక్కలకి పోస్తుంటారు, దాంట్లో లవణాలు ఎక్కువ. నాలుగు నెలలు పోస్తే కుండీ అంచున తెల్లగా ఉప్పు పేరుకుని ఆకుల చివర్లు మాడతాయి. అది చూసి తెగులు అనుకుని మళ్లీ మందు.

ఏ నెలలో ఏది

ఇక్కడే సగం పోరాటం గెలవచ్చు, ఇక్కడే చాలామంది ఓడిపోతున్నారు. మార్చిలో ఉత్సాహం వచ్చి నర్సరీ నుంచి టమాటా నారు తెచ్చి పెడతారు. ఏప్రిల్‌కి పూత వస్తుంది, అప్పటికి పగలు నలభై డిగ్రీలు, రాత్రి కూడా చల్లబడదు, పూత మొత్తం రాలిపోతుంది. అది పురుగూ కాదు, తెగులూ కాదు. ఆ వేడిలో పుప్పొడి పనిచేయదు, అంతే. ఏ మందూ దాన్ని ఆపలేదు.

మృగశిర కార్తె దాటి వానలు అందుకున్నాక జూన్, జూలైల్లో బెండ, బీర, సొర, కాకర, గోరుచిక్కుడు గింజలు పెట్టండి, దొండ కొమ్మ నాటండి. పందిరి చిక్కుడు జూలై, ఆగస్టుల్లో. దేశవాళీ చిక్కుడు పగలు పొట్టి అయితేనే పూతకొస్తుంది, ఎంత ముందు పెట్టినా చలికాలం దాకా ఆకులే, కాబట్టి తొందరపడి లాభం లేదు. వంగ, మిరప నారు ఆగస్టు, సెప్టెంబరుల్లో, టమాటా సెప్టెంబరు, అక్టోబరుల్లో. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, మెంతికూర, కొత్తిమీర చలి మొదలయ్యాకే. సంక్రాంతి వెళ్లాక బెండ, దోస, కీర ఇంకో దఫా పెట్టొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో కొత్తగా ఏమీ మొదలుపెట్టకండి, ఉన్నవాటిని నీడ వల కింద బతికించుకుంటే చాలు.

మొదటి ఏడాది నేను చెప్పే జాబితా చిన్నది: తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ, వంగ. తోటకూర నెలలోపే కోతకొస్తుంది, ఆ మొదటి కట్ట కూర వండుకున్నాక ఓపిక దానంతటదే వస్తుంది. వంగకి పురుగు తప్పదు, అయినా పెట్టమనడానికి కారణం ఉంది, పురుగుని గుర్తుపట్టడం నేర్పడంలో వంగని మించిన మొక్క లేదు. పచ్చిమిర్చి రెండు మొక్కలు కావాలంటే గుంటూరు దగ్గరి లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) విడుదల చేసిన రకాల విత్తనం దొరికితే తీసుకోండి, ఈ ప్రాంతం కోసం తయారుచేసినవే కాబట్టి ఇక్కడి వాతావరణానికి అలవాటు పడి ఉంటాయి.

ఒకే జాతి కుండీలన్నీ ఒకే చోట పెట్టకండి. వంగ పక్కన గోంగూర, దాని పక్కన బంతి, ఇలా కలిపి పెడితే పురుగుకి ఒక కుండీ నుంచి ఇంకో కుండీకి దారి అంత సులువు కాదు. బంతి ఊరికే అందానికి కాదు, టమాటా దగ్గర పెడితే కాయ తొలిచే శనగపచ్చ పురుగు తల్లి రెక్కలపురుగు బంతి మొగ్గల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది, అక్కడ ఏరేయడం తేలిక. బంతి వేళ్లు మట్టిలో ఉండి మొక్కల వేళ్లని పట్టే నులిపురుగుల్ని కూడా తగ్గిస్తాయి.

రోజూ పది నిమిషాలు

పొద్దున్నే నీళ్లు పోసేటప్పుడు ప్రతి మొక్కకి మూడు ఆకులు తిప్పండి: చిగురు దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, కింద ముదురాకు ఒకటి. పురుగుల్లో చాలా రకాలు ఆకు అడుగునే ఉంటాయి, పైనుంచి చూస్తే మొక్క బాగానే ఉందనిపిస్తుంది. వారానికి ఒకటి రెండుసార్లు రాత్రి భోజనాలయ్యాక టార్చ్ తీసుకుని పైకి వెళ్లండి. పగలు కనబడని లద్దెపురుగులు అప్పుడు ఆకు మీద తీరిగ్గా మేస్తుంటాయి, వానాకాలమైతే నత్తలు కూడా. చేత్తో ఏరి సబ్బు నీళ్ల డబ్బాలో వేయడమే వాటికి మందు.

ఎవరి పని ఇది?

మిరప ఆకు ముడత నుంచి మొదలుపెడదాం, ఎక్కువ గందరగోళం దాని దగ్గరే. ఒక చిగురాకు తీసి అరచేతిలో పెట్టుకోండి. అంచులు పైకి లేచి దొప్పలా అయిందా? అది పైముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి దిగి, ఆకు సన్నగా సాగి, కాడ పొడుగై, రంగు ముదురాకుపచ్చగా మారిందా? అది కింది ముడత, కంటికి కనబడని తెల్లనల్లి పని. రెండింటికీ మందు వేరు. తామర పురుగుకి వేపనూనె, నీలం జిగురు అట్టలు. నల్లికి నీటిలో కరిగే గంధకం పొడి లీటరుకి మూడు గ్రాములు, అది కూడా ఎండ మండిపోతున్న రోజుల్లో కాదు, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపలా కాదు. నూనె మీద గంధకం పడితే ఆకు మాడుతుంది.

పువ్వుల్లో ఏముందో చూడాలంటే తెల్ల కాగితం పట్టుకుని దాని మీద మిరప పువ్వుని తట్టండి. సన్నటి నల్ల గీతల్లాంటివి రాలి చకచకా పరిగెడితే అది నల్ల తామర పురుగు. 2021-22 సీజన్లో గుంటూరు మిరప చేలని ముంచింది అదే. బయటి దేశం నుంచి వచ్చిన పురుగు, పువ్వు లోపల దాక్కుంటుంది, మందు మీద మందు కొట్టినా లొంగక ఎంతోమంది రైతులు పైరు పీకేసుకున్నారు. కుండీలో అయితే మీకు ఒక సౌకర్యం ఉంది, పురుగు పట్టిన పువ్వులన్నీ ఒక్కరోజులో తుంపి కవర్లో కట్టి పారేయొచ్చు. నాలుగెకరాల రైతుకి ఆ అవకాశం లేదు.

వంగ. పచ్చగా ఉన్న మొక్కలో ఒక్క కొమ్మ చివర మాత్రమే నీళ్లు లేనట్టు వేలాడుతుంటే, మొవ్వు తొలిచే పురుగు లోపల ఉంది. వాలిన చోటికి అంగుళం కిందగా కత్తిరించి నిలువునా చీల్చి చూడండి, లేత గులాబీ రంగు పురుగు కనబడుతుంది. ఆ ముక్క కంపోస్టులో వేయొద్దు, సబ్బు నీళ్లలో ముంచండి. కాయకి చిన్న కన్నం, చుట్టూ పురుగు విసర్జన ఉంటే ఆ కాయా అంతే. పురుగు లోపలికి వెళ్లాక పైన ఏం చల్లినా దానికి తగలదు, కాబట్టి కత్తెర తప్ప వేరే దారి లేదు. వారం వారం తప్పకుండా కత్తిరిస్తే తర్వాతి తరం తగ్గిపోతుంది. ఆకులన్నీ చిట్టివై గుబురుగా వచ్చి పూత లేకపోతే అది వెర్రి తెగులు, పచ్చదోమ అంటిస్తుంది. మొక్కని పీకేయండి.

చిక్కుడు, బొబ్బర్ల చిగుళ్ల మీద నల్లగా పేరుకునేది పేనుబంక. ముందు చీమలు ఎక్కుతున్నాయేమో చూడండి. పేనుబంక వదిలే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, తినడానికి వచ్చే పురుగుల్ని తరిమేస్తాయి. కాబట్టి కుండీ కింద ఇటుకల చుట్టూ నీళ్ల పళ్లెం పెట్టో, కాండం మీద గుడ్డ చుట్టి ఆముదం రాసో చీమల దారి మూసేయండి. తర్వాత పైపుతో చిగుళ్ల మీద గట్టిగా నీళ్లు కొట్టండి. రెండు మూడు రోజులు వరసగా చేస్తే చాలా వరకు పోతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పేనుబంక మధ్యలో నల్లగా, పొడుగ్గా, వీపు మీద నారింజ మచ్చలతో, ఆరు కాళ్లతో చురుగ్గా తిరిగే పురుగు కనబడితే దయచేసి చంపకండి. అది అక్షింతల పురుగు పిల్ల. ఎర్రగా గుండ్రంగా ఉండే పెద్ద అక్షింతల పురుగుని అందరూ గుర్తుపడతారు, పిల్లని చూసి మాత్రం భయపడి నలిపేస్తారు. అది రోజుకి పదుల కొద్దీ పేనుబంకని తింటుంది. అది కనబడిన కుండీలో వారం పాటు ఏ పిచికారీ చేయకుండా వదిలేయండి, ఏమవుతుందో మీరే చూస్తారు. అన్ని పురుగుల్నీ చంపే మందు కొడితే ముందు పోయేవి ఇవే, మళ్లీ త్వరగా వచ్చేది పేనుబంక.

బెండ ఆకు ఈనెలు మాత్రమే పసుపు వల అల్లినట్టు కనబడితే అది పల్లాకు తెగులు, వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది. మందు లేదు, ఆ మొక్క పీకేసి మిగతావాటిని కాపాడుకోవడమే. పసుపు రంగు ప్లాస్టిక్ అట్టకి ఆముదం రాసి మొక్కల ఎత్తులో వేలాడదీస్తే తెల్లదోమ అంటుకుంటుంది, వారానికోసారి తుడిచి మళ్లీ రాయండి. విత్తనం కొనేటప్పుడే పల్లాకు తట్టుకునే రకం అడగండి, అర్క అనామిక అలా వచ్చిందే.

పిండినల్లి మందారం మీద నుంచి బెండకీ వంగకీ దిగుతుంది. కొద్దిగా ఉన్నప్పుడే సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచేయండి, ముదిరితే కొమ్మ కోసేయండి. ఎండాకాలంలో ఆకు పైన సన్నటి తెల్ల చుక్కలు, అడుగున బూజులాంటి గూడు ఉంటే ఎర్రనల్లి. దానికి పొడి గాలి ఇష్టం, ఆకు అడుగులు రోజూ పొద్దున తడిపితే సగం తగ్గుతుంది. సొర, దోస ఆకుల మీద తెల్లటి బూడిద తెగులుకి ఒక వంతు పాలకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, ఎండ ఉన్న పొద్దుటిపూట కొట్టండి. ఆరంభంలోనే అయితే బాగా పనిచేస్తుంది.

తీగ జాతుల పిందె మీద చిన్న చుక్క, దాని నుంచి జిగురు, తర్వాత కాయ వంకర తిరిగి కుళ్లడం పండు ఈగ పని. పిందె వేలెడంత ఉండగానే కాగితం కవరో పల్చటి గుడ్డ సంచో తొడగండి. కుళ్లిన కాయల్ని కుండీలో వదలకండి, ఈగ పిల్లలు కాయలోంచి మట్టిలోకి దిగి కోశస్థ దశకి (రెక్కల ఈగగా మారే ముందు దశ) వెళ్తాయి. పాలిథిన్ కవర్లో గట్టిగా కట్టి వారం ఎండలో పడేయండి. ఎర బుట్ట కొంటే షాపులో క్యూలూర్ అని అడగండి. లేకపోతే మామిడి ఈగకి పెట్టే మిథైల్ యూజినాల్ ఎర ఇచ్చేస్తారు, దానికి కాకర, బీర ఈగ రాదు.

అన్ని పిందెలూ ఈగ వల్లే రాలవు. చుక్క లేకుండా, గట్టిగానే ఉండి పసుపు పచ్చగా మారి రాలిపోతే పరాగ సంపర్కం జరగలేదని అర్థం, డాబాల మీద తేనెటీగలు తక్కువ. మగపువ్వు కోసి, వెనక చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. సొర, బీర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి ఆఫీసు నుంచి వచ్చాక చేయొచ్చు. కాకర, దోస, గుమ్మడికి మాత్రం పొద్దున్నే.

వేపనూనె ఎలా కలపాలి

ఇది సరిగ్గా కలపడం రాకే చాలామంది పనిచేయలేదంటారు. నూనె నీళ్లలో కలవదు. కాసిని గోరువెచ్చని నీళ్లలో కుంకుడు రసమో, నాలుగు చుక్కల మెత్తటి లిక్విడ్ సబ్బో వేసి, దాంట్లో వేపనూనె పోసి, పాలలా తెల్లబడే దాకా గిలక్కొట్టండి. అప్పుడు మిగతా నీళ్లు కలపండి. పైన నూనె చుక్కలు తేలుతుంటే కొట్టకండి, ఆ చుక్కలు పడ్డచోట ఆకు కాలుతుంది. 1500 పి.పి.ఎం. (పురుగుని ఆపే వేప గుణం నూనెలో ఎంతుందో చెప్పే అంకె) రకం అయితే లీటరుకి 5 మి.లీ. సీసా మీద ఎంత పి.పి.ఎం. రాసుందో చూడకుండా కొలత పెట్టకండి. బట్టల సబ్బు పొడి వాడొద్దు. ఒక కొమ్మ మీద కొట్టి మర్నాడు చూసి, ఆకు బాగుంటేనే మిగతావాటికి.

కొట్టేది సాయంత్రం, ఎండ దిగాక. ఎండకి వేపలోని గుణం త్వరగా పోతుంది, పైగా సాయంత్రానికి తేనెటీగలు వెళ్లిపోతాయి. ఆకు అడుగు పూర్తిగా తడవాలి. పురుగు వెంటనే చావదు, తినడం మానేస్తుంది, ఎదుగుదల ఆగుతుంది, అందుకని మర్నాడే చూసి నిరాశపడకుండా వారానికి ఇంకోసారి కొట్టండి.

నూనె కంటే నాకు నమ్మకం వేపగింజల కషాయం మీదే. వానాకాలం మొదట్లో వేపపళ్లు రాలతాయి, ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి దాచుకోండి. లీటరు నీళ్లకి 50 గ్రాముల పప్పు దంచి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున్న మూట పిండి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి ఆ సాయంత్రమే వాడేయాలి. ఆవు పేడ, మూత్రం దొరికేవాళ్లు నీమాస్త్రం చేసుకోవచ్చు: పది లీటర్ల నీళ్లకి అరకిలో వేపాకు ముద్ద, రెండొందల గ్రాముల దాకా పేడ, అరలీటరు మూత్రం, ఒకటి రెండు రోజులు నానాక వడకట్టి అలాగే కొట్టడం. జీవామృతం పురుగు మందు కాదు, మట్టికి బలం, రెండిటినీ కలిపి చూడకండి.

పొగాకు కషాయం మాత్రం వద్దు. మన జిల్లాల్లో పొగాకు సులువుగా దొరుకుతుందని చాలామంది చెప్తారు. నికోటిన్ మనిషికి కూడా విషమే, చర్మంలోంచి ఒంట్లోకి వెళ్తుంది, వండుకునే ఆకుకూర మీద దాన్ని చల్లడంలో అర్థం లేదు. పైగా టమాటా, మిరపకి సోకే వైరస్ పొగాకులో ఉండొచ్చు. ప్రకృతి సిద్ధమైనదల్లా మంచిదని అనుకోకండి.

కాపు అయిపోయాక

మార్చి, ఏప్రిల్ నాటికి పాత మొక్కలు వేళ్లతో సహా తీసేయండి. వేళ్ల మీద బుడిపెలు కనబడితే నులిపురుగులున్నట్టే (చిక్కుడు జాతి వేళ్లకి ఉండే బుడిపెలు వేరు, అవి గోకితే రాలిపోతాయి, మంచివే). పారబోయక్కర్లేదు, మట్టిని ఎండతో శుభ్రం చేయొచ్చు. కుండీల్లో మట్టంతా డాబా మీద అరడుగు మందాన పరిచి, బాగా తడిపి, పైన అవతలిది కనబడేంత పారదర్శకమైన పల్చటి పాలిథిన్ షీట్ కప్పి అంచులు ఇటుకలతో మూసేయండి. నల్ల షీట్ వద్దు, ఎండ లోపలికి దిగదు. రోహిణి కార్తె అయ్యేదాకా, నాలుగు నుంచి ఆరు వారాలు అలాగే ఉంచితే మన ఎండకి నులిపురుగులు, ఈగ కోశాలు, కుళ్లు తెగులు బూజు, కలుపు విత్తనాలు చాలా వరకు చస్తాయి. మంచి సూక్ష్మజీవులు కూడా కొన్ని పోతాయి కాబట్టి షీట్ తీశాక మట్టిని ఆరనిచ్చి, వర్మీకంపోస్ట్, వేపపిండి, కాస్త ట్రైకోడెర్మా విరిడి (కుళ్లు తెగుళ్లని అణిచే మంచి బూజు) కలిపి మళ్లీ కుండీల్లో నింపండి. వంగ పెట్టిన కుండీలో ఈసారి టమాటా, మిరప పెట్టకండి, మూడూ ఒకే కుటుంబం, ఒకే తెగుళ్లు. దాంట్లో బీర గింజ పెట్టండి, పందిరికి తాళ్లు ముందే కట్టి ఉంచండి, మొలిచిన రెండు వారాలకే తీగ పాకడానికి వెతుక్కుంటుంది.